పడుకోమన్న వైద్యం, లేచి నడవమన్న వైద్యం: నడుము నొప్పి చరిత్రలో కొన్ని పుటలు

నలభై దాటిన తరువాత నడుము నొప్పి ఏటికేడు పెరుగుతోందని, ఏమి చేయాలో చెప్పమని అడిగేవారు పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా నాకు తారసపడుతూనే ఉన్నారు. నివాసం కాజీపేటలో కనుక వారిలో రైల్వే కుటుంబాల వారే ఎక్కువ. చేతిలో పెద్ద స్కానింగు కవరు ఉంటుంది. అడిగే మాట కూడా ఇంచుమించు ఒకటే: "సార్, డిస్కు జారిందన్నారు, పూసల మధ్య గ్యాప్ వచ్చిందన్నారు, నెల రోజులు మంచం దిగవద్దన్నారు. దిగితే ఏమవుతుంది?"

ఈ ప్రశ్నకు రెండు వాక్యాలలో సమాధానం చెప్పి పంపవచ్చు. అయితే ఈ భయం ఎక్కడి నుండి వచ్చిందో తెలిస్తే సమాధానం మీద నమ్మకం కుదురుతుంది. మామూలు నడుము నొప్పికి వారాల తరబడి మంచం పట్టాలన్న నియమం మన పెద్దలు పెట్టినది కాదు. వైద్య చరిత్రకారులు చూపిన ఆధారాలను బట్టి అది పందొమ్మిదో శతాబ్దంలో, చాలావరకు రైలుబండితో పాటు బలపడిన ఆలోచన. రైలు వల్ల పెరిగిన ఊరిలో కూర్చుని ఆ కథ చెప్పుకోవడం సముచితమే అనుకుంటాను.

నొప్పి మాత్రం రైలు కంటే ఎంతో పాతది. ఈజిప్టులో క్రీస్తు పూర్వం 1600 ప్రాంతంలో రాసిన ఒక వైద్య పత్రం ఉన్నది. 1862లో లక్సర్ పట్టణంలో దానిని కొన్న ఎడ్విన్ స్మిత్ పేరుతోనే అది నేటికీ ప్రసిద్ధం. అందులో 48 రోగుల వివరాలున్నాయి. చివరిది వెన్నుపూస బెణికిన మనిషిది. కాళ్లు రెండూ చాపి మళ్లీ ముడవమని వైద్యుడు అడుగుతాడు. చాపిన వెంటనే రోగి నొప్పితో ముడిచేసుకుంటాడు. ఇది నేను వైద్యం చేయగలిగిన జబ్బే అని వైద్యుడు ప్రకటిస్తాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, ఆ తరువాత చేయవలసినది చెప్పబోతూండగా వాక్యం మధ్యలోనే రాత ఆగిపోయింది. ఆ లేఖకుడు ఎందుకు కలం దించాడో గానీ, నడుము నొప్పికి ఏమి చేయాలన్న ప్రశ్న దగ్గర ఆగిపోయినవారిలో అతడే మొదటివాడు.

మన ఆయుర్వేదం దీనిని వాత వ్యాధులలో చేర్చింది. నడుము నుండి పిరుదు, తొడ, పిక్క మీదుగా పాదం దాకా దిగే నొప్పికి గృధ్రసి అని పేరు పెట్టింది. గృధ్రమంటే గద్ద జాతికి చెందిన రాబందు. ఆ నొప్పితో మనిషి నడిచే తీరు రాబందు నడకలా ఉంటుందని ఆ పేరు వచ్చిందంటారు. సుశ్రుతుడు చెప్పిన లక్షణాలలో కాలిని ఎత్తనీయకుండా అడ్డుకోవడం ఒకటి. నేటికీ వైద్యుడు మిమ్మల్ని పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలిని పైకెత్తి, నొప్పి ఎక్కడ మొదలైంది, ఎక్కడి దాకా దిగింది అని అడుగుతాడు గదా, ఆ పరీక్షకు బీజం ఆ పరిశీలనలోనే ఉన్నది. ఆధునిక వైద్యంలో దానిని 1880లో వివరించినవాడు బెల్‌గ్రేడ్ వైద్యుడు లాజా లాజరేవిచ్. మరుసటి ఏడాది పారిస్‌లో ఫోర్స్ట్ అనే విద్యార్థి తన గురువు లసేగ్ పేరుతో దానిని వెలువరించాడు. పేరు గురువుగారికే దక్కింది. లాజరేవిచ్‌ను ఆయన దేశస్థులు వైద్యుడిగా కంటే కథా రచయితగానే ఎక్కువ తలచుకుంటారు.

మన ఇళ్లలో జరిగిన వైద్యం వేరు. వావిలాకు వేసి కాచిన నీళ్లు నడుము మీద పోయడం, జిల్లేడాకును ఆముదం రాసి వెచ్చచేసి కట్టడం, ఇసుక మూటతో కాపడం, ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుము తొక్కించుకోవడం మా చిన్ననాటికి ప్రతి ఊరిలోనూ ఉండేవి. వీటిలో ప్రమాదకరమైనవీ ఉన్నాయి. ఇనుప కడ్డీ కాల్చి వాతలు పెట్టడం వల్ల పుండ్లు పడ్డవారిని నా సర్వీసులో చూశాను. కాని గమనించవలసినది ఒకటున్నది. ఈ వైద్యాలలో ఏదీ మనిషిని నెలల తరబడి పనికి దూరం చేయలేదు. నాట్లు వేసే స్త్రీకి నడుము పట్టుకుంటే రెండు మూడు రోజులు కాపడం పెట్టుకొని, నొప్పి కొంత ఉండగానే మళ్లీ మడిలోకి దిగేది. పేదరికం వల్ల దిగేది, నిజమే. ఆ పేదరికాన్ని నేను పొగడడం లేదు. వెచ్చదనం వల్ల, కదలిక వల్ల చాలామందికి నొప్పి దానంతట అదే తగ్గేదన్నది మాత్రం వైద్యపరంగా వాస్తవం.

ఇక రైలు సంగతి. ఇంగ్లండులో 1830 నుండి ప్రయాణికుల రైళ్లు విస్తరించాయి. ప్రమాదాలూ వాటితో పాటే పెరిగాయి. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ వద్ద వంతెన మీద ఒక రైలు పట్టాలు తప్పింది. ప్రసిద్ధ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఆ బండిలో ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. స్వయంగా క్షతగాత్రులకు సపర్యలు చేశాడు. ఆ తరువాత మాత్రం రైలెక్కితే వణుకు, ఆందోళన ఆయనను జీవితాంతం వదలలేదు. ఇటువంటి వారు ఎందరో ఉండేవారు. పైకి దెబ్బ కనబడదు, ఎముక విరగదు. కొన్ని రోజులకు నడుము నొప్పి, వెన్ను నొప్పి, నిద్రలేమి, నీరసం. కంపెనీ నుండి నష్టపరిహారం కోరుతూ వారు న్యాయస్థానాలకు వెళ్లారు.

లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రి శస్త్రచికిత్సా ఆచార్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సన్ 1866లో దీని మీద ఉపన్యాసాలు ప్రచురించాడు. కుదుపు వల్ల వెన్నుపాములో కంటికి కనబడని గాయం ఏర్పడుతుందని, అది నెమ్మదిగా ముదురుతుందని ఆయన వాదం. జనం దానికి రైల్వే వెన్ను అని పేరు పెట్టారు. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే మరో వైద్యుడు దీనిని ఖండిస్తూ పుస్తకం రాశాడు. వీరిలో చాలామందికి వెన్నుపాములో ఏ గాయమూ లేదని, భయం, మానసిక ఆఘాతమే లక్షణాలకు మూలమని ఆయన చెప్పాడు. ఆయన లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీకి వైద్యుడు. ఆ సంగతి మనసులో ఉంచుకొని చదవవలసిందే. అయినా శరీర శాస్త్రం దృష్ట్యా ఆయన మాటలో బలం ఎక్కువ.

ఈ తగువులో ఎవరు గెలిచారన్నది నాకు ముఖ్యం కాదు. నొప్పి ఉన్న మనిషి వీరిద్దరి మధ్య నలిగిపోయాడు. వెన్ను దెబ్బతిన్నదని రుజువు చేసుకుంటేనే నిజాయతీపరుడు. లేకుంటే నటిస్తున్నాడు, లేదా పిరికివాడు. వెన్ను విరగకపోయినా నొప్పి నిజమే కావచ్చునన్న మూడో మాటకు ఆ న్యాయస్థానాలలో చోటు లేకపోయింది. ఆనాటి నుండి నడుము నొప్పి అంటే ఏదో విరిగిందో, జరిగిందో, అరిగిందో చూపించాలన్న పట్టుదల వైద్యులకూ రోగులకూ కూడా అంటుకున్నది.

విరిగినదానికి విశ్రాంతి ఇవ్వాలి గదా. 1863లో జాన్ హిల్టన్ అనే శస్త్రవైద్యుడు విశ్రాంతి గొప్పతనం మీద రాసిన గ్రంథం, ఆ తరువాత లివర్‌పూల్ ఎముకల వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ బోధలు ఇంగ్లీషు వైద్యంలో వేదవాక్కులయ్యాయి. వారి కళ్ల ముందున్నది ముఖ్యంగా ఎముకల క్షయ. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా ఎనభై ఏళ్లుంది. క్షయ పట్టిన వెన్నును, కీలును కదలకుండా నెలల తరబడి ఉంచడం ఆ రోజుల్లో న్యాయమైన చికిత్సే. ఆ నియమాన్ని మామూలు నడుము పట్టుకు కూడా వర్తింపజేశారు. చిక్కంతా అక్కడ వచ్చింది.

ఆ పుస్తకాలు, ఆ పట్టాలు రెండూ మన దేశానికి చేరాయి. నిజాం రాజ్యంలో 1874లో వాడి నుండి సికింద్రాబాద్ వరకు రైలు నడిచింది. 1889 నాటికి ఆ మార్గం మా కాజీపేట మీదుగా బెజవాడ చేరింది. 1929లో కాజీపేట నుండి బల్లార్షా మార్గం పూర్తయి ఢిల్లీ–మద్రాసు దారి కలిసింది. దానితో కాజీపేట జంక్షన్ అయింది. సింగరేణి బొగ్గు ఈ దారిన కదిలింది. ఆవిరి ఇంజనులో ఫైర్‌మన్ ఉద్యోగం ఎటువంటిదో ఈ తరానికి తెలియదు. ఊగుతున్న ఇనుప పలక మీద నిలబడి, ఒక వైపు మంట సెగ, మరో వైపు ఎదురుగాలి, మధ్యలో నడుము వంచి తిప్పుతూ ఒక్కో డ్యూటీలో టన్నుల కొద్దీ బొగ్గును పారతో పొయ్యిలోకి వేయాలి. గ్యాంగ్‌మన్ సంగతి సరేసరి. ఆ నడుములు నొప్పి పుట్టడంలో వింత లేదు.

రైల్వే ఉద్యోగానికి ఒక కొత్తదనం ఉండేది. డాక్టరు సిక్ రాస్తే సెలవు, ఫిట్ రాస్తే డ్యూటీ. కూలీకి, కౌలు రైతుకు లేని ఈ భద్రత చాలా గొప్పది. దానిని తప్పు పట్టరాదు. కాని నొప్పి అనేది ఇక్కడ కాగితం మీద నిలవాలి. కాగితం మీద నిలవాలంటే దానికి ఒక పేరు కావాలి. మనుషుల నోట వాతం, పట్టు అన్న మాటలు తగ్గి క్రమంగా డిస్కు అన్న మాట స్థిరపడింది.

ఆ పేరును ఇచ్చినది 1934. బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని చక్రం చీలి, దాని లోపలి పదార్థం బయటికి పొంగి నరాన్ని నొక్కడం వల్ల కాలిలోకి దిగే నొప్పి వస్తుందని ఆ ఏడాది ప్రకటించారు. ఇది నిజమైన ఆవిష్కరణ. నరం నలిగి కాలు బలహీనమైనవారికి శస్త్రచికిత్స మేలు చేస్తుంది. కాని నడుము నొప్పులన్నిటిలో ఇటువంటివి స్వల్పం. మిగిలినవారికి కూడా డిస్కు అన్న పేరు తగిలించడం తరువాతి తరాల ఉత్సాహం. మేము వైద్య విద్య చదివిన రోజుల్లో పుస్తకాలలో ఉన్న చికిత్స చెక్క బల్ల మీద పడక, కాళ్లకు బరువులు కట్టి లాగడం, రెండు నుండి ఆరు వారాల విశ్రాంతి. వార్డులో ఒక వరుస మంచాలు వీరితోనే నిండి ఉండేవి. దుక్కలా వచ్చిన మనిషి నెల తిరిగేసరికి కాళ్ల కండ కరిగి, మలబద్ధకంతో, దిగులుతో, గోడ పట్టుకొని నడిచేవాడు.

పడక మంచిది కాదని 1947లోనే రిచర్డ్ ఆషర్ అనే లండన్ వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెచ్చరించాడు. వినడానికి నలభై ఏళ్లు పట్టింది. 1986లో రిచర్డ్ డెయో, ఆయన సహచరులు అమెరికాలో 203 మంది నడుము నొప్పి రోగులను రెండు జట్లుగా చేసి, కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు విశ్రాంతి చెప్పి చూశారు. నొప్పి తగ్గడంలో తేడా కనబడలేదు. పనికి పోని రోజులు మాత్రం రెండు రోజుల జట్టులో 45 శాతం తక్కువ. 1995లో హెల్సింకి నగరపాలక ఉద్యోగులు 186 మంది మీద మరో పరీక్ష జరిగింది. కొందరికి రెండు రోజుల పడక, కొందరికి ప్రత్యేక వ్యాయామాలు, కొందరికి నొప్పి అనుమతించినంత మేరకు మామూలుగా తిరగడం. అందరి కంటే ముందు కోలుకున్నవారు మామూలుగా తిరిగినవారే. మన మడిలోకి దిగిన తల్లికి ఇది తెలిసిన విషయమే.

అప్పటికి ఎమ్మారై వచ్చింది. 1994లో జెన్సెన్ బృందం నడుము నొప్పి లేనివారిని 98 మందిని ఎంచి వారి వెన్నును తీయించింది. వారిలో 52 శాతం మందికి కనీసం ఒక చోటనైనా డిస్కు ఉబ్బి ఉన్నది. 27 శాతం మందికి ముందుకు పొడుచుకొని ఉన్నది. అన్ని డిస్కులూ చక్కగా ఉన్నవారు మూడింట ఒక వంతుకు కాస్త ఎక్కువ, అంతే. వీరిలో ఎవరికీ నొప్పి లేదు! కనుక మీ చేతిలోని కవరులో ఎల్4, ఎల్5 దగ్గర ఉబ్బు అని రాసి ఉంటే అది నుదుటి ముడత వంటిది కావచ్చు. తల వెంట్రుక తెల్లబడినందుకు తలనొప్పి రాదు గదా.

ఫిన్లాండులో కవలల మీద జరిగిన అధ్యయనాలు మరో ఆశ్చర్యాన్ని ముందుంచాయి. ఒకే రూపు కవలలలో ఒకరు బరువు పని, మరొకరు కుర్చీ పని చేసినా వారి డిస్కుల అరుగుదల ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నది. చేసిన పని కంటే వంశం ప్రభావం ఎక్కువ. ఇంజను నడిపినందుకే నడుము అరిగిపోయిందని కుమిలే మా రైల్వే మిత్రులకు ఇది కొంత ఊరట. అట్లని పని పరిస్థితులతో నొప్పికి సంబంధమే లేదనుకోరాదు. ఎక్కువ గంటల కుదుపు, ఒంగి తిరిగి బరువు ఎత్తడం, నిద్ర చెడిన రాత్రి డ్యూటీలు నొప్పిని పెంచుతాయి. అరుగుదల వేరు, నొప్పి వేరు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి నడుము నొప్పి అంతా పెద్దగా పట్టించుకోనవసరం లేనిదని ఎవరైనా అనుకుంటే వారిని నల్లగొండకు తీసుకుపోవాలి. అంతకు ముందు పొదిలికి.

ఆనాటి నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి మెట్ట ప్రాంతాలలో తరతరాలుగా ఒక జబ్బు ఉండేది. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. ముప్ఫై, నలభై ఏళ్ల మధ్య నడుము బిగపట్టడం, వంగలేకపోవడం. తరువాత మెడ, పక్కటెముకలు బిగుసుకొని, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగవలసి రావడం. చివరికి వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడడం. ఊరివారు వాతం అన్నారు, కర్మ అన్నారు. 1937లో మద్రాసు గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, మరి ముగ్గురు వైద్యులతో కలిసి దీనిని పరిశోధించి ప్రచురించాడు. ఆ ముగ్గురిలో ఎక్స్‌రే నిపుణుడు బార్నార్డ్ ఒకరు. మద్రాసులోని రేడియాలజీ సంస్థ ఆయన పేరుతోనే ఉన్నది. ఎక్స్‌రేలో ఎముకలు సున్నపురాయిలా తెల్లగా, దట్టంగా కనబడ్డాయి. పూసలను కలిపే పట్టీలు కూడా ఎముకగా మారాయి. కారణం బావి నీటిలోని ఫ్లోరైడు. మనుషుల ఎముకలకు సోకే ఫ్లోరోసిస్ గురించి మన దేశం నుండి వెలువడిన తొలి గొప్ప నివేదిక ఇది. తెలుగు నేల మీది నడుము నొప్పి గురించి అన్నది మనలో చాలామందికి తెలియదు. ఇదే షార్ట్ పదకొండేళ్ల తరువాత మలేరియా క్రిమి కాలేయంలో దాగే దశను కనుగొన్న ఇద్దరిలో ఒకడు.

నల్లగొండ జిల్లా వంతు 1955లో వచ్చింది. హైదరాబాద్ వైద్యుడు సిద్దిఖీ అక్కడి ఫ్లోరోసిస్ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అదే జబ్బు యువకులలో మోకాళ్లు లోపలికి వంగే రూపంలో రావడాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తొలగించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టింది. ఆఫ్రికా దేశాలలో కూడా ఆ పేరుతోనే వాడారు. జిల్లా పేరు ప్రపంచానికి తెలిసింది, మర్రిగూడ మనిషికి మాత్రం మంచినీళ్లు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గం నుండి 480 మంది పోటీ చేశారు. నీటి గోడు వినిపించడానికి వేసిన నామినేషన్లే వాటిలో అత్యధికం. ఓటుపత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. నడుము వంగని మనుషులు తమ బాధకు సలహా అడిగిన తీరు అది. 2016లో మిషన్ భగీరథ మొదలై నదీజలాలు ఆ ఊళ్లకు చేరడంతో కొత్త తరానికి ముప్పు చాలా తగ్గింది. ఒకసారి బిగిసిన వెన్నును కరిగించే మందు మాత్రం లేదు.

నా దృష్టిలో పొదిలి, హెల్సింకి చెప్పేది ఒకే సంగతి. హెల్సింకి ఉద్యోగికి స్కానింగు లేకుండానే ధైర్యం చెప్పి పంపవచ్చు. పొదిలి రైతును చిన్నప్పటి నుండి ఏ బావి నీళ్లు తాగావు అని అడగాలి. రెండు చోట్లా ముందు కావలసినది ప్రశ్న. కూర్చోబెట్టి పది నిమిషాలు అడిగితే బయటపడేది, అయిదారు వేల రూపాయల బొమ్మలో కనబడకపోవచ్చు. మా పాత వరంగల్ జిల్లాలో జనగామ వైపు బోరు నీళ్లు తాగి పెరిగి, ఇప్పుడు నడుముతో పాటు మెడ కూడా బిగుసుకుపోతున్న నలభై అయిదేళ్ల మనిషి వస్తే నేను మొదట పళ్లు చూస్తాను. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలన్నది మన జాతీయ ప్రమాణం. వేరే గత్యంతరం లేనప్పుడు ఒకటిన్నర దాకా అనుమతిస్తారు.

నడి వయసులో పెరుగుతున్న నడుము నొప్పికి నేను చెప్పే మాటలు ఇప్పుడు సులభంగా అర్థమవుతాయి. 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుము నొప్పి ఉన్నదని అంచనా. మీరు ఒంటరివారు కారు. వీరిలో అత్యధికులకు విరిగినదీ, జారినదీ ఏమీ ఉండదు. నొప్పి పట్టిన తొలి ఒకటి రెండు రోజులు ఒళ్లు అడిగినంత విశ్రాంతి తీసుకోండి. తరువాత లేచి తిరగండి. కాపడం పెట్టుకోండి, అమ్మమ్మలు చెప్పినదే. నొప్పి పూర్తిగా పోయాక నడుద్దామనుకుంటే ఆ రోజు ఆలస్యమవుతుంది. నడుస్తూ ఉంటేనే తగ్గుతుంది. రోజూ అరగంట నడక, పొట్ట, పిరుదు, వీపు కండలను బలపరిచే వ్యాయామం ఫిజియోథెరపిస్టు వద్ద ఒకసారి సరిగా నేర్చుకొని ఇంట్లో చేసుకోండి. స్టేషను రోడ్డులో ఏ మందుల దుకాణంలో అడిగినా నడుము బెల్టు దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలలో దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టునూ, బరువులు కట్టి లాగడాన్నీ మామూలుగా వాడవద్దని చెప్పింది. పొగ మానడం, బరువు తగ్గడం, నిద్ర సరిచేసుకోవడం ఎవరికీ నచ్చని సలహాలు. అయినా చెప్పక తప్పదు.

నొప్పి మాత్రల గురించి ఒక మాట. రాబందు పేరు పెట్టుకున్న గృధ్రసికి మనం విరివిగా వాడిన మందు డైక్లోఫెనాక్. పశువులకు కూడా అదే సూది వేసేవారు. ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోతున్నాయని 2004లో తేలింది. మన ఆకాశంలో రాబందులు దాదాపు మాయమయ్యాక, 2006లో పశువులకు ఆ మందు వాడరాదని ప్రభుత్వం నిషేధించింది. మనిషి మూత్రపిండం అంత సున్నితం కాదు, కాని బీపీ, షుగర్ ఉన్నవారు డాక్టరు చెప్పకుండా నెలల తరబడి ఈ మాత్రలు మింగితే చెడిపోతుంది. కొద్ది రోజులకు, కనీస మోతాదులో, అన్నం తిన్న తరువాత. అంతకు మించి అయితే రక్త పరీక్ష చేయించుకోండి.

కొందరి విషయంలో మాత్రం నడవండి అని చెప్పి పంపకూడదు. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్ను క్షయను అనుమానించాలి. మన ప్రాంతంలో అది ఇంకా పోలేదు. క్యాన్సర్ చికిత్స జరిగినవారు, స్టీరాయిడ్లు చాలాకాలం వాడినవారు, నెలసరి ఆగిన తరువాత చిన్న తూలుకే వీపులో తీవ్రమైన నొప్పి వచ్చిన స్త్రీలు వెంటనే పరీక్ష చేయించుకోవాలి. పడుకున్నా, అర్ధరాత్రి కూడా వదలని నొప్పి, తెల్లవారి లేవగానే అరగంటకు మించి ఉండే బిగుతు కూడా వైద్యుడికి చెప్పవలసినవే. స్కానింగు అసలు పని ఇటువంటి చోటనే.

అన్నిటికంటే అత్యవసరమైనది మరొకటి. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, సైకిలు సీటు తగిలే భాగంలో స్పర్శ తగ్గినా, పాదం ఎత్తలేక చెప్పు జారిపోతున్నా అది నరాల కట్ట నలుగుతున్న సూచన. అప్పుడు తెల్లవారాక చూద్దామనుకోకండి, బిడియపడకండి. ఆ రాత్రే ఎంజీఎం వంటి పెద్ద ఆసుపత్రికి వెళ్లి, మూత్రం సంగతి డ్యూటీ డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.